కమర్‌బంద్ రెండో కొస

నడుం బిగించడం అనే మాట మనవాళ్లు ఊరికే వాడేస్తుంటారు. పటాలంలో మాకు దాన్ని నిజంగానే నేర్పించారు. పరేడ్ యూనిఫాం మీద ముందు కమర్‌బంద్ చుట్టాలి, దాని మీద బెల్టు పెట్టాలి. కమర్‌బంద్ అంటే పొడవాటి ఎర్ర గుడ్డ. ఎంత మొనగాడైనా దాన్ని ఒక్కడే సరిగ్గా చుట్టుకోలేడు. ఒకరు కొస పట్టుకుని లాగి నిలబడాలి, చుట్టుకునేవాడు గిర్రున తిరుగుతూ వాళ్ల దగ్గరికి రావాలి. ఇప్పుడు నా భార్య పట్టుకుంటుంది, మధ్యలో ఫోన్ మోగితే వదిలేస్తుంది. అప్పుడు మా నాన్న మీద, మా బాపు మీద బెంగ ముంచుకొస్తుంది. ఆయన పోయాక ఆ గుడ్డను అంత గట్టిగా పట్టినవాళ్లు లేరు.

బాపు పట్టింది ఒక్కసారే, నా పెళ్లినాడు. యూనిఫాంలోనే పెళ్లి చేసుకోవాలని పట్టుబట్టి పై అధికారి దగ్గర అనుమతి కూడా తెచ్చుకున్నాను. కొస పట్టాల్సిన పటాలం దోస్తు రైలు ఆలస్యమై ఇంకా కాజీపేటలోనే ఉన్నాడు. అమ్మ, చెల్లెళ్లు, చుట్టాలు ఆటోల్లో చర్చికి వెళ్లిపోయారు. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా ఇంట్లో మిగిలింది నేను, బాపు.

మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాలు సరిచేసే పని. నన్నూ రైల్వేలోనే చూడాలని ఆయన ఆశ. నేను పటాలానికి బయల్దేరిన రోజు, "పో, నిన్ను ఇడిసిపెట్టిన," అన్నాడు. అప్పట్నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా ఒకే చాప మీద కూర్చుని తింటూ కూడా అమ్మ ద్వారానే రాయబారాలు. "వానికి ఇంక జర కూర వెయ్యి." "చాలని ఆయనకు చెప్పమ్మా." అమ్మ టెలిఫోన్ ఆపరేటర్ అయిపోయింది. ఆ పూట ఆపరేటరే ఇంట్లో లేదు.

మంచం మీద బెల్టు కూర్చడం మొదలుపెట్టాను. పట్టీకి ముందు రెండు ఇత్తడి కడియాలు తొడగాలి, ఆ తర్వాతే చివర్ల కొక్కేలకు పటాలం ముద్ర ఉన్న బిళ్ల తగిలించాలి. గాబరాలో కడియాలు మరిచి బిళ్ల పెట్టేశాను. మళ్లీ విప్పాను. నేను పాలిష్ పెట్టి ఉంచిన ఆ బిళ్లను అమ్మ ప్రేమ కొద్దీ చింతపండుతో తోమింది. అది మా ఇంటి బిందెలా ఎర్రగా మెరుస్తోంది.

ఇక కమర్‌బంద్. కిటికీ చువ్వకు కట్టి చూశాను. ముడి జారింది, గుడ్డ నలిగింది. బాపు గడపలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. గోడకు చెబుతున్నట్టు, "ఈ కొస ఎవరన్న పట్టుకుంటే మంచిగుండు," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. అమ్మ లేదు. "ఎంత గట్టిగ గుంజాలె?" అని గడపనే అడిగాడు.

"నేను పడిపోయేటంత. మధ్యల ఇడిసిపెట్టకు బాపూ."

కొసను పిడికిలికి ఒక చుట్టు చుట్టుకుని, గది ఆ చివర కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు. "ఇడిసిపెట్టేటోన్నైతే ఎప్పుడో ఇడిసిపెడ్తుంటి," అన్నాడు. ఈసారి నన్నే చూస్తూ అన్నాడు.

నేను తిరగడం మొదలుపెట్టాను. గోడ, కిటికీ, బాపు. మళ్లీ గోడ, కిటికీ, ఇంకొంచెం దగ్గరగా బాపు. ఆఖరి చుట్టుకు ఆయన ఊపిరి నా మెడకు తగిలింది. కొబ్బరినూనె, పట్టాల గ్రీజు కలిసిన వాసన, చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకున్నప్పటిదే. ఏడుపు ఆగలేదు.

"కండ్లు తుడ్సుకో, అంగీ ఖరాబైతది," అంటూ కొసను ఆయనే లోపలికి దోపాడు.

మీద బెల్టు పెట్టుకుని, బిళ్ల గుండీల వరసకు సరిగ్గా కింద ఉండాలని చెప్పాను. బాపు మోకాళ్ల మీద కూర్చుని, పట్టా వంకర చూసేటప్పటిలాగే ఒక కన్ను మూశాడు. "ఎడమకు జర... బస్."

చర్చి దగ్గర అమ్మ ఎదురొచ్చింది. ఆటో కుదుపులకు బిళ్ల పక్కకు జరిగినట్టుంది, బాపు చూపంతా దాని మీదే ఉంది. అమ్మ అలవాటు చొప్పున ఆయన వైపు తిరిగి, "ఏంది, వానికేమన్న చెప్పాల్నా?" అంది.

"నువ్వు జర జరుగు," అన్నాడు బాపు. "నా కొడుక్కు నేను చెప్పుకుంట."