షీల్డు మీద అమ్మ ముడి

గాజువాక దగ్గర ఏదో ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నా అని మొన్న మా బస్సు ఆపేశారు. కిటికీ పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు. చెమటకు నానిన స్పాంజి వాసన గుప్పుమంది. ఆ వాసన మధ్యే పెరిగినదాన్ని నేను.

మా నాన్న రిజర్వు పోలీసు. అప్పట్లో షీల్డులు బెత్తంతో అల్లినవి. వానలకు నాని, ఎండలకు పెళుసెక్కి, అంచులు ఊడిపోతుంటే పట్టించుకునే నాథుడు ఉండేవాడు కాదు. జాలరిపేట ఆడపడుచు మా అమ్మ, క్వార్టర్స్ వరండాలో కాళ్ళు చాపుకుని, వల అల్లే నీలం దారంతో, వాళ్ళింటి ముడి వేసి ఆ అంచుల్ని బిగించేది. పొయ్యి మీద నెత్తళ్ళ వేపుడు మాడుతున్నా ముడి సగంలో వదిలేది కాదు. పిల్లలం ఆ షీల్డుని వెల్లకిలా వేసి, అందులో కూర్చుని తెప్ప ఆట ఆడేవాళ్ళం. గంగమ్మ పండక్కి బూరెలు పట్టుకొచ్చే చిన్న మావయ్య, అమ్మకి తమ్ముడు, పోలీసోడికైనా మా వలే దిక్కని నాన్నని ఏడిపించేవాడు.

ఒక వేసవిలో, పడవలు నిలుపుకునే చోటు పోతుందని జాలరిపేట వాళ్ళంతా రోడ్డెక్కారు. నాన్నకి అక్కడే బందోబస్తు. ఆ పొద్దున అమ్మ షీల్డుకి కొత్త దారం కట్టి పంపింది. భర్త కోసం మొక్కుకుందో, తమ్ముడి కోసం మొక్కుకుందో ఆవిడకే తెలీదు.

లారీలో షీల్డులన్నీ ఒకే గుట్టగా వేస్తారు. దిగేటప్పుడు ఎవరి చేతికి ఏది అందితే అది. నాన్నది ఇంకెవరికో పోయింది. రాళ్ళు మొదలయ్యాయి. జాలీ హెల్మెట్ల వెనక మొహాలు కనపడవు, కానీ మావయ్యకి అక్క ముడి కనపడింది. పరుగున వెళ్ళి ఆ షీల్డుకి అడ్డంగా చేతులు చాపి, తనవాళ్ళకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఇసరకండ్రా, మా బావ," అన్నాడట.

షీల్డు వెనకున్న పోలీసు లాఠీ మావయ్య మోచేతి మీద పడింది.

నాన్న అప్పుడు వరసకి అటు చివర ఉన్నాడు. మర్నాడు యూనిఫాం లేకుండా నన్ను వెంటబెట్టుకుని జాలరిపేట వెళ్ళి, షీల్డులు ఎలా మారిపోతాయో అంతా చెప్పుకొచ్చాడు.

"ఆ సెయ్యి నాది కాదురా," అన్నాడు చివరికి.

మావయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నమ్మాను," అన్నాడు. "ముడి మాత్రం మా అక్కదే."

బెత్తం షీల్డులు పోయాయి, వాటిని ఇళ్ళకు తెచ్చుకుని బాగుచేసుకోవడమూ పోయింది. అమ్మా పోయింది. మావయ్య మాత్రం పండక్కి వస్తూనే ఉన్నాడు. ఆ మోచెయ్యి పూర్తిగా చాచలేడు, దాని ఊసూ ఎత్తడు. కానీ ఆ రోజు నుంచి నాన్నని బావ అనలేదు. "బాగున్నారాండీ" అంటాడు. నాన్న కూడా "బాగున్నానండీ" అంటాడు. ఒక్కసారి ఆ పిలుపు వినపడుతుందేమోనని అమ్మ పోయేదాకా వాళ్ళిద్దరి మధ్యే కూర్చునేది. నాకంత ఓపిక లేదు. మావయ్య వచ్చాడంటే ఇద్దరికీ టీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేస్తాను.