భూమయ్య బావా, అప్డేట్ అయిపోయింది

నిన్న పొద్దున స్వప్న ఫోన్ చేసి "నాన్న చనిపోయిండు అంకుల్" అంది.

నేనేమన్నానో తెలుసా? "తలుపు తీసే ఉంచానమ్మా, తొందరగా రమ్మను. అప్డేట్ పెట్టేశాను" అన్నాను.

చెవికి వినబడింది. బుర్రకి ఎక్కలేదు.

ఆ పిల్ల ఏడుస్తుంటే అప్పుడు ఎక్కింది. గుండెపోటట. వాకింగ్ బూట్లు వేసుకుంటూ అలాగే ఒరిగిపోయాడట.

భూమయ్య నాకు చుట్టం కాదు. ఆయనది కరీంనగర్ వైపు, మాది తెనాలి వైపు. ఇక్కడ అమెరికాలో, ఈ కాపెల్ ఊళ్ళో, మా పక్క వీధిలో కూతురు స్వప్న ఇంట్లో ఉండేవాడు. పార్కు బెంచీ మీద పరిచయం. రెండో రోజుకే "బావా" అన్నాడు. అంతే, బావ అయిపోయాడు.

మా అమ్మాయి శిరీష పీహెచ్‌డీ వైవా ఈ రోజని మీ అందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో చూడొచ్చని లింక్ పంపింది. మా ఇంట్లో అబ్బాయి ఎప్పుడో కొన్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది. లింక్ నొక్కితే ముందు కంప్యూటర్ అప్డేట్ చేయమంటుంది. చేస్తే అవ్వదు.

అబ్బాయి ల్యాప్‌టాప్ ఆఫీసుది, అందులో కుదరదన్నాడు. పోనీ ఫోన్‌లో చూద్దామంటే బావ ఒప్పుకోలేదు.

"బిడ్డ డాక్టరైతుంటే గింత ఫోన్ల చూస్తమా? మొఖం అగ్గిపెట్టెంత కనవడ్తది. పెద్ద తెర మీద చూడాలె. నాక్కూడ ఒక కుర్చీ వెయ్యి."

నా చదువు ఏడో తరగతి. బావ పది తప్పాడు. "మీరిద్దరూ కలిస్తే ఒక ఇంజనీర్ మావయ్యా" అని కోడలు నవ్వేది.

నవ్వితే నవ్వింది. మేం వదల్లేదు. డిస్క్‌లో స్థలం లేదంటే పాత సినిమాలన్నీ తీసేశాం. ప్రింటర్ వైరు పీకేశాం. యాంటీవైరస్ ఆపాం. డబ్బా మూత తీసి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపాం. ఎన్ని చేసినా చివరికి అదే మాట. అప్డేట్ పూర్తి కాలేదు, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, అని.

"ఇది కంప్యూటర్ కాదు బావా, అలిగిన అల్లుడు. బతిమిలాడాలె" అనేవాడు.

మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. సున్నా నుంచి మెల్లిగా శాతం లెక్క పెరుగుతుంటే, "మనం గిట్ల గుడ్లప్పగించి చూస్తే దానికి సిగ్గయితది. నడువు, వాకింగ్ పోదాం" అనేవాడు.

నేను ముందు నడిచేవాణ్ణి. బావ గది లైటు ఆపేసి వెనకాల వచ్చేవాడు. ఎవరింటికి వెళ్ళినా అంతే ఆయన. "మనిషి లేని అర్రల లైటెందుకు బావా?"

తిరిగొచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉండేది. పని ముగించి నిద్రపోయిందనుకునేవాళ్ళం. ఆశగా లైటు వేసి, బటన్ నొక్కేవాళ్ళం. మళ్ళీ అదే పాట.

నిన్న బావ వచ్చేలోపే నేను అప్డేట్ పెట్టాను. ఇంతలో ఫోన్. ఉన్నపళంగా పరిగెత్తాను.

హాస్పిటల్ నుంచి సాయంత్రం వచ్చి చూస్తే కంప్యూటర్ వెలిగిపోతోంది! కొత్త బొమ్మ, కొత్త అక్షరాలు. పాస్‌వర్డ్ అడుగుతోంది!

"బావా, అయిపోయింది!" అని అరిచి పక్కకి తిరిగాను.

కుర్చీ ఉంది.

ఈ రోజు ఆ పెద్ద తెర మీదే మా అమ్మాయిని చూశాను. మొదలయ్యే ముందు కెమెరాలో నా పక్క ఖాళీ కుర్చీ చూసి "నాన్నా, భూమయ్య అంకుల్ ఏరి?" అంది. "నువ్వు కానీయమ్మా" అన్నాను. అప్పుడు చెప్పలేకపోయాను. తర్వాత చెప్పాను.

అది ఇంగ్లీషులో గంగా ప్రవాహంలా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎంత బాగా చెప్పిందో! చివర్న ఆ ప్రొఫెసర్లు "కంగ్రాట్యులేషన్స్ డాక్టర్" అన్నారు. ఆ మాట మాత్రం అర్థమైంది. మా అమ్మాయి డాక్టరండీ! నా తల్లి డాక్టర్! లేచి చప్పట్లు కొట్టాను. ఏడ్చాను. ఏ ఏడుపు దేనికో నాకే తెలియలేదు.

అంతా అయ్యాక గదిలోంచి వస్తూ, బావ గుర్తొచ్చి, ఆయన చేసినట్టే గుమ్మం పక్క స్విచ్ ఆపాను.

మూలనున్న స్టాండు లైటు ఆరిపోయింది. దాంతోపాటు కంప్యూటరూ టక్కున ఆగిపోయింది.

మళ్ళీ వేసి చూశాను. మళ్ళీ ఆపి చూశాను. ఈ అమెరికా ఇళ్ళలో గోడ మీద స్విచ్ ఆపితే కింద ప్లగ్గుకే కరెంటు పోతుంది. మా లైటు, మా కంప్యూటర్ రెండూ ఆ ప్లగ్గు మీదే ఉన్నాయి.

అల్లుడు అలగలేదు బావా. నువ్వే రోజూ పీక నొక్కి వాకింగ్‌కి వచ్చావు!

గోడకి చేరబడి నవ్వాను. కోడలు భయపడి పరిగెత్తుకొచ్చింది.

ఈ జోకుకి అందరికంటే ఎక్కువ నవ్వేవాడివి నువ్వు. ఎవరికి చెప్పను? నువ్వు రాని రోజే అది పూర్తయింది. దీనికి సంతోషించాలా? నువ్వొచ్చి ఉంటే ఇవాళ బిడ్డని అగ్గిపెట్టెలో చూసేవాళ్ళం. ఇద్దరం తలలు ఆనించి చూసేవాళ్ళం. ఏది బాగుండేదో నాకు తేలడం లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

స్వప్నా, శనివారం చివరి చూపుకి మేమందరం వస్తున్నాం తల్లీ. శిరీష కూడా ఫ్లైట్ బుక్ చేసుకుంది. అంకుల్‌కి తనే స్వయంగా చెప్పుకోవాలట.

పోయిరా బావా. నీ ఆత్మ చల్లగా ఉండాలి. నిశ్చింతగా పడుకో.

లైటు నేను ఆపుతాలే.