మా లారీకి వాస్తు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతిలో ఉన్న పని పూర్తయితే మనిషిని ఇంటికి పంపిస్తారని. ఇప్పుడెవరైనా ఆ మాట అంటే జాలిగా చూస్తాను గానీ, పాతికేళ్ళు కూడా నిండని ఆ వయసులో నాకు అదే వేదం. రాయచోటి దగ్గర పల్లె నుంచి కువైట్‌కు వచ్చి, అర్దియాలో బండ్లకు బాడీలు కట్టే ఒక షెడ్డులో వడ్రంగి పనికి కుదిరాను. ఊళ్ళో మా మేనమామ కూతురితో పెళ్ళి ఖాయమైంది, మార్గశిరంలో ముహూర్తం కూడా పెట్టేశారు. పెళ్ళికొడుకు పాస్‌పోర్టు మాత్రం షెడ్డు యజమాని బీరువాలో ఉంది. మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ కూడా ఆయనే. మేమంతా బాబా అని పిలిచేవాళ్ళం. మనిషి మంచివాడే. కాకపోతే ఒక కోరిక తీరేలోగా ఆయనకు ఇంకో కోరిక పుట్టేది, అన్నీ మా చేతుల మీదుగానే తీరాల్సి వచ్చేది.

ఎండలు కాస్త తగ్గాక ఒకరోజు బాబా సైన్యం వాళ్ళు వదిలించుకున్న పాత లారీ ఒకటి వేలంలో కొనుక్కొచ్చాడు. ఇసుక రంగు, మనిషంత ఎత్తు చక్రాలు, పైన చిరిగిన టార్పాలిన్, లోపల సిపాయిలు కూర్చునే చెక్క బల్లలు. చలికాలం వస్తే కువైటీలు ఇళ్ళు వదిలి ఎడారికి పోయి గుడారాలు వేసుకుంటారు, మనవాళ్ళు తిరునాళ్ళకు కదిలినట్టు పిల్లాజెల్లాతో సహా. బాబాకు గుడారం పాతబడిపోయింది. ఈ లారీని ఇల్లుగా మార్చాలి. నీళ్ళు దాంట్లోనే, కరెంటు దాంట్లోనే, వంటా స్నానమూ దాంట్లోనే. ఎడారిలో ఎన్నాళ్ళున్నా ఎవరి ముఖమూ చూడాల్సిన పని ఉండకూడదు. ఈ సంగతంతా సగం హిందీలో, సగం చేతులతో వివరించి, నా భుజం తట్టి, "లారీ ఖలాస్, నువ్వు ఇండియా!" అన్నాడు. ఆ ఆనందంలో వెంటనే ఊరికి ఫోన్ చేశాను.

"ఒక లారీ ఉండాది. అది అయిపోతానే వచ్చేస్తా," అన్నాను నా మరదలితో.

"లారీకీ మన పెండ్లికీ ఏం సమ్మందం బావా?" అంది ఆ పిల్ల. ఆ మాట అంత తేలిగ్గా తీసిపారేయకుండా ఉండాల్సింది.

షెడ్డులో నాతోపాటు ఇద్దరుండేవాళ్ళు. ఒకరు వెల్డింగ్ మేస్త్రి, మా పక్క మండలమే. అందరూ వాస్తన్న అనేవాళ్ళు. ఊళ్ళో సొంతిల్లు కట్టుకుని, వాస్తు కుదరలేదని వంటిల్లు పగలగొట్టి కట్టించి, మళ్ళీ పగలగొట్టించిన మనిషి. తాను ఇన్నేళ్ళుగా కువైట్‌లోనే ఉండిపోవడానికి కారణం తన ఇంటి దక్షిణపు గుమ్మమేనని ఆయన గట్టి అభిప్రాయం (కఫీల్ సెలవు ఇవ్వకపోవడం ఆయన దృష్టిలో చిన్న విషయం). రెండో ఆయన రాయచోటి టౌన్‌కు చెందిన ఎలక్ట్రీషియన్, కరెంటు భాయ్. బ్యాటరీలతో మాట్లాడినంత ప్రేమగా మనుషులతో మాట్లాడేవాడు కాదు.

మొదటి రోజే వాస్తన్న లారీ చుట్టూ ప్రదక్షిణ చేసి, షెడ్డు షట్టరు వైపు చూసి, "బండి మొగం తూర్పుకుండాది. శానా మంచిది," అన్నాడు. తరవాత సుద్దముక్కతో లారీ నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. ముందు కుడి మూల ఆగ్నేయం, అక్కడ పొయ్యి, గ్యాసు. ముందు ఎడమ మూల ఈశాన్యం, అక్కడ నేల కింద నీళ్ళ ట్యాంకు. వెనక కుడి మూల నైరుతి, బరువంతా అక్కడే ఉండాలి కాబట్టి బ్యాటరీలు, జనరేటరు అక్కడికి. వాయవ్యంలో స్నానాల గది. తలుపు ఉత్తరానికి.

"లారీకి వాస్తేందన్నా?" అన్నాను.

"మనుషులు పండుకునేది ఇల్లు కాదా? ఇంటికి వాస్తు ఉండద్దా?" అని కళ్ళెర్రజేసి, గొంతు తగ్గించి, "ఒరే అబ్బోడా, బండి వాస్తు సరిగా ఉంటే బాబా మనసు సల్లబడతాది. నీ పెండ్లి ఆగదు. ఆనక నీ ఇష్టం," అన్నాడు.

పెళ్ళి మాట ఎత్తాక నాకింక నోరెక్కడిది? కరెంటు భాయ్ అయినా అడ్డుపడతాడేమోనని చూశాను. ఆయన నెత్తి గోక్కుని, "మా ఇంటికీ మీ వాస్తాయనే చూసినాడులే భాయ్. నైరుతి అంటే నైరుతే," అని బ్యాటరీలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. చదువుకున్న ఇంజనీరు ఒక్కడున్నా ఆ లారీ బతికేది. మేం ముగ్గురం ఉన్నాం.

ఇక బాబా కోరికల గురించి ఏం చెప్పను! గోడలకు ప్లైవుడ్ వేసి ఖలాస్ అన్నామా, సాంబ్రాణి పెట్టుకునే గూడు కావాలన్నాడు. అది చేశామా, కాఫీ కూజాకు ప్రత్యేకంగా అర కావాలన్నాడు. చివరికి డేగ కూర్చోవడానికి ఒక కర్ర బిగించమన్నాడు. బాబాకు డేగ లేదు. డేగ ఉన్న స్నేహితుడు వస్తే అది నిలబడి ఉండాల్సి వస్తుందని ఆయన బాధ. ఆ పక్షికి కూర్చునే చోటు నున్నగా చిత్రిక పడుతూ, ఈ దేశంలో నా గురించి ఇంత ముందుచూపుతో ఆలోచించేవాడు ఒక్కడైనా ఉంటే బాగుండు కదా అని నిజంగా ఏడుపొచ్చింది. కార్తీకం సగం దాటిపోయింది. ఊళ్ళో మామ పత్రికలు కొట్టించేశాడు. నేను రోజూ ఫోన్‌లో "అయిపోయింది, రేపో ఎల్లుండో," అంటూనే ఉన్నాను.

అయింది. నిజంగానే అయింది. రంగు వేసి, పైన సోలార్ పలకలు బిగించి, ట్యాంకు నిండా నీళ్ళు పట్టి నిలబెడితే లారీ పెళ్ళికూతురిలా ఉంది. వాస్తన్న ఎవరూ చూడకుండా టైరు కింద నిమ్మకాయ పెట్టాడు. బాబా మమ్మల్ని కూడా ఎక్కించుకుని ఎడారికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన స్నేహితులు లారీ లోపల, మగవాళ్ళు కబుర్లకు చేరే దివానియాకు వచ్చినట్టు, దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ఒకాయన తన డేగను తెచ్చి నా కర్ర మీద పెట్టాడు. బాబా తల్లి, మేం పెద్ద మామా అని పిలిచే ముసలావిడ (అక్కడ మామా అంటే అమ్మ), తలుపు పక్కన కూర్చుంది. నేను టీ అందిస్తున్నాను. మరునాడు పాస్‌పోర్టు చేతికిస్తానని బాబా అప్పటికే మాటిచ్చాడు.

మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. అందరూ టీలు తాగారు, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకున్నారు, గిన్నెలు కడిగారు. ట్యాంకులో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. మా లారీలో బరువంతా కుడివైపే ఉందని, ఎడమవైపు దాన్ని ఆపుతున్నది నీళ్ళు మాత్రమేనని మా ముగ్గురిలో ఒక్కడికైనా తట్టలేదు. బాబా లేచి నిలబడి, "చూడండి, నీళ్ళు మనవే, కరెంటు మనదే, మనకు ఎవరి అవసరమూ లేదు," అని చెయ్యి తిప్పుతుండగా, మధ్యలో ఉన్న టీ పళ్ళెం ఎవరూ తాకకుండానే కదిలింది. నిదానంగా, పెద్దమనిషి నడిచినట్టు, కుడి గోడ దాకా వెళ్ళి ఆగింది. దాని వెనకే ఖర్జూరాల గిన్నె. దాని వెనకే, దిండుతో సహా, బాబా స్నేహితుడొకడు. డేగ మాత్రం కర్రను గట్టిగా పట్టుకుని కూర్చుంది (ఆ కర్ర ఒక్కటే నేను మనసు పెట్టి చేసిన పని). వెనక కుడి చక్రం ఇసుకలోకి దిగబడిపోయింది. తలుపు వైపు పైకి లేవడంతో పెద్ద మామా దిగలేకపోయింది. చివరికి కూరగాయల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి దింపాం. నేల మీద కాలు మోపగానే ఆవిడ లారీ వంక చూసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు, అర్థమైనవాళ్ళు ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు.

బాబా నాతో ఒకే మాట అన్నాడు. "ఇది నేరుగా నిలబడేదాకా ఇండియా లేదు."

మార్గశిర ముహూర్తం నాడు నేను ఎడారిలో జాకీ తిప్పుతున్నాను. ఊళ్ళో పందిరి విప్పేశారు. మామ ఫోన్ ఎత్తలేదు. మరదలే ఎత్తింది. "నీకు నేను కావల్నా, ఆ లారీ కావల్నా? ఒక మాట చెప్పు బావా," అంది. ఇద్దరూ నా చేతుల్లో లేరే అని చెప్పాలనుకున్నాను. ఆ పిల్ల ఆగలేదు. "మాఘం దాకా చూస్తాడంట మా నాయన. ఆ పైన వేరే సమ్మందం చూస్తాడు. ఊరికే చెప్తాండా అనుకోవద్దు," అని పెట్టేసింది. లారీ నీడలో కూర్చుని ఏడ్చాను. నీడ కూడా వాలుగా ఉంది.

ట్యాంకు జరపడానికి వాస్తన్న ససేమిరా ఒప్పుకోలేదు. ఈశాన్యంలో నీళ్ళు తీస్తే వంశానికి మంచిది కాదన్నాడు. దానికి ఆయన చూపిన దారి, నీళ్ళు తగ్గినప్పుడల్లా నింపడం. అట్లా ఎవరి అవసరమూ లేని మా లారీ వెనకాల ఒక నీళ్ళ ట్యాంకరు తిరగడం మొదలైంది. పుష్యమంతా అదే పని. బాబా స్నేహితులు ఫోన్లలో ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళు.

ఒకరోజు సాయంత్రం ట్యాంకరు పైపు పట్టుకుని నిలబడి ఉంటే సూర్యుడు నా కళ్ళల్లో పడ్డాడు. సూర్యుడు దిగుతున్నది లారీ ముఖానికి ఎదురుగా. గాలి కొట్టకుండా ఉంటుందని బాబా బండిని పడమటికి తిప్పి పెట్టాడు.

"అన్నా, బండి మొగం యాడికుండాది?" అన్నాను.

వాస్తన్న చూశాడు. ముందు సూర్యుణ్ణి, తరవాత లారీని, తరవాత మళ్ళీ సూర్యుణ్ణి. ఆయన ఈశాన్యం ఇప్పుడు నైరుతిలో ఉంది. నైరుతిలో ఉండాల్సిన బ్యాటరీలు ఈశాన్యం మీద ఎక్కి కూర్చున్నాయి. తలుపు దక్షిణానికి తెరుచుకుంది, అచ్చం ఊళ్ళో ఆయన ఇంటి మాదిరి. "చక్రాలుండాయి గదన్నా దానికి," అన్నాను మెల్లగా.

ఆయన ఇసుకలో చతికిలపడ్డాడు. "ఇన్నాళ్ళూ ఎవుడూ చెప్పలేదేమిరా?" అన్నాడు. కరెంటు భాయ్ తల దించుకుని వైరు చుట్టుకుంటున్నాడు. మరునాడే ట్యాంకు కోసి లారీ నడిమధ్యకు తెచ్చాం, బ్యాటరీలు సగం ఎడమవైపుకు మార్చాం. ఇంటి నడుమ బ్రహ్మస్థానంలో బరువు పెట్టకూడదట. వెల్డింగ్ చేస్తూ ఆయన మధ్యమధ్యలో చెంపలు వేసుకోవడం చూశాను. కానీ లారీ నేరుగా నిలబడింది, నీళ్ళున్నా లేకున్నా.

అప్పటికి దాంట్లో పడుకునేవాళ్ళే లేరు. పెద్ద మామా పక్కనే పాత గుడారం వేయించుకుంది, కుటుంబమంతా అక్కడే మంట చుట్టూ కూర్చునేది. మాఘం వచ్చేసింది. సీజను అయ్యేదాకా లారీకి తోడుగా ఉండమన్నాడు బాబా. నేను టీ పోస్తుంటే పెద్ద మామా నా ముఖం చూసి, ఎందుకట్లా ఉన్నావని అడిగింది. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, రాని చోట చేతులతో, పెళ్ళి సంగతి చెప్పాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి అరిచిన అరుపుకు డేగ లేదు గానీ, ఉంటే ఎగిరిపోయేది. మరునాడే నా చేతికి పాస్‌పోర్టు వచ్చింది.

ఆ మాఘంలోనే పీటల మీద కూర్చున్నాక, తెర పక్కకు తీసినప్పుడు, తల మీద జీలకర్ర బెల్లంతో నా మరదలు నా వంక చూసి పెదవి కదపకుండా, "లారీ ఎట్లుండాది?" అంది. పెళ్ళి ఫొటోల్లో నేను అందుకే నోరు తెరుచుకుని ఉంటాను.

అదంతా జరిగి చాలా ఏళ్ళయింది. వాస్తన్న ఊరికి పోయి, దక్షిణపు గుమ్మం మూయించుకుని, హాయిగా ఉన్నాడు. నేను మళ్ళీ కువైట్‌కే వచ్చి వేరే షెడ్డులో మేస్త్రినయ్యాను. మొన్న సామాను కోసం తుక్కు యార్డుకు పోతే, అక్కడ కనపడింది మా లారీ. సోలార్ పలకలు లేవు, తలుపు లేదు. టైర్లలో గాలి లేదు. కానీ ఏ పక్కకూ వాలకుండా నిలబడి ఉంది. నాకు తెలియకుండానే సూర్యుణ్ణి చూసి లెక్క కట్టాను, ముఖం తూర్పుకే ఉంది. లోపలికి ఎక్కి చూస్తే డేగ కర్ర ఇంకా ఊడలేదు. ఉండబట్టలేక ఇంటికి వీడియో కాల్ చేసి చూపించాను.

"ఆ సవితి ఇంగా బతికే ఉండాదా?" అంది మా ఆవిడ.

"ఉండాది. నేరుగా నిలబడుకోని ఉండాది."

"సరేలే. నువ్వెప్పుడొస్తాండావు?"

"చేతిలో ఒక బండి ఉండాది. అది అయిపోతానే..." అని సగంలో ఆగిపోయాను. ముందు ఆమే నవ్వింది. తరవాత నేనూ నవ్వాను. నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుని, "నీళ్ళూ కరెంటూ పొయ్యీ అన్నీ తెచ్చి దాంట్లో ఒకచోట పెడితిరి. మన సంసారాన్నే ఒకచోట పెట్టుకోలేకపోతిమి గదా బావా," అంది.

ఫోన్ పెట్టేసి లారీ తలుపు మెట్టు మీద కూర్చున్నాను. ప్లైవుడ్ ముక్కకు చిత్రిక పడుతూ, ఇదొక్కటి అయిపోతే చాలు అని గొణుక్కునే కుర్రవాడు ఒకడు లోపల కనిపించాడు. ఒళ్ళంతా రంపపు పొట్టు, ముఖమంతా నమ్మకం. వాడిని పిలిచి నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. కానీ వాడు వినడు. మార్గశిరంలో వాడి పెళ్ళి.