ఓడలో కిటికీ ఉన్న గది

మా ఆయన ఈ హిందీ ఊరి స్టీల్ ప్లాంటులో ముప్పైనాలుగేళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం వారానికో షిఫ్టు చొప్పున పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మారుతూ గడిచిపోయింది. రిటైరై ఆరేళ్లయినా ఇంట్లో ఏ పని తలపెట్టినా ఫర్నేసు మరమ్మతుకి దిగినట్టే దిగుతారు. అలాస్కా ప్రయాణానికీ అంతే. పాత క్యాలెండరు వెనక గీతలు గీసి, వీసా ఎప్పుడు, స్వెట్టర్లు ఎప్పుడు, పంటి డాక్టరు ఎప్పుడు అని గళ్లు కట్టి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ప్రయాణం వచ్చే జూన్‌లో. గళ్లు మాత్రం దీపావళి మర్నాటి నుంచే మొదలు.

అలాస్కా అన్న మాట ఇంట్లోకి తెచ్చింది నేను. వైశాలి నగర్‌లో మా వీధి చివరనుండే ఆఫీసరుగారి భార్య అక్కడికి వెళ్లొచ్చి, ఫోనులో వీడియో చూపించింది. ఓడ గదికి చిన్న బాల్కనీ, అందులో ఒక కుర్చీ. ఆవిడ శాలువా కప్పుకుని టీ తాగుతుంటే ఎదురుగా మంచుకొండ నెమ్మదిగా పక్కకి జరిగిపోతోంది. ఆవిడ ఆ వీడియో ఆపేసి, కొన్న సామాన్ల ఫోటోల్లోకి వెళ్లిపోయింది కానీ నేను ఆ కుర్చీ దగ్గరే ఆగిపోయాను. అంతకుముందు మాకు తెలిసిన జలయాత్ర మైత్రీబాగ్ పార్కు చెరువులో తొక్కుడు పడవ ఒక్కటే. దాన్ని కూడా ఈయన గట్టు వదలకుండా తిప్పారు.

టికెట్లూ గదులూ చూసిపెట్టేది సుపేలా బజారులో ట్రావెల్ ఆఫీసు నడిపే ఒకావిడ. నలభై ఏళ్లుంటాయి. మా ఆయన ఆవిడని దీదీ అంటారు, ఆవిడ ఈయన్ని అంకుల్‌జీ అంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి చెప్పవలసినవన్నీ ఓపిగ్గా చెప్పింది. ముందు నేల మీద తిరిగేయండి, రైలూ బస్సూ రోజుకో లాడ్జీ, ఆ అలసట తీరేలా తర్వాత ఓడెక్కండి, ఓడలో పెట్టె ఒక్కసారి విప్పితే చాలు అంది. ఒక్క లావు కోటు కంటే నాలుగు పల్చటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలంది. అంతా విని మా ఆయన, కింది బెర్తులు దొరుకుతాయా అని అడిగారు. విశాఖపట్నం రైలు తప్ప మరో దూర ప్రయాణం ఎరగని మనిషి. ఆవిడ నవ్వకుండా, ఓడలో మంచాలే ఉంటాయని చెప్పింది. ఏ గది కావాలో మాత్రం శనివారంలోగా చెప్పమంది.

ఆ మంగళవారం భోజనాల దగ్గర ఆయన చాలా మామూలుగా, "లోపలి గది చెప్పీద్దామనుకుంటున్నాను," అన్నారు.

లోపలి గదంటే ఓడ నడిమధ్యలో ఉండేది. దానికి బాల్కనీ లేదు, కిటికీ లేదు. నాలుగు గోడలూ ఒక దీపం.

"డబ్బులు కలిసొస్తాయనా?" అన్నాను.

"డబ్బులేటే! జూన్‌లో అక్కడ రాత్రి పదకొండైనా వెలుతురేనంట. లాడ్జీల్లో ఎలాగూ నిద్దరుండదు. ఓడలోనైనా పడుకోవాల కదా."

"పరదాలుంటాయి కదండీ."

"నువ్వు నాలుగింటికే లేచి తీసీస్తావు. నీ సంగతి నాకు తెల్దేటి?"

ఆ మాట నిజమే. అందుకే ఒళ్లు మండింది.

మా కిటికీల సంగతి చెప్పాలి. క్యాంప్ 1 అనే కాలనీలో కాపురం పెట్టిన మొదటి వారమే ఆయన పడకగది కిటికీకి నల్లకాగితం అంటించారు. రాత్రంతా ఫర్నేసు ముందు నిలబడి వచ్చిన మనిషికి పగలు చీకటి కావాలి. అది తప్పని నేనెప్పుడూ అనలేదు. కాకపోతే ఆ చీకటికి కాపలా నేను. నైట్ షిఫ్టు వారంలో కుక్కరు విజిల్ వేయబోతుందనగా స్టవ్ ఆపేసేదాన్ని. పచ్చడి రుబ్బాలంటే గిన్నె పట్టుకుని పక్కింటికి పోయేదాన్ని. కాలింగ్ బెల్ తీగ పీకేశాం. పాలవాడు గేటు కొట్టకుండా దగ్గేవాడు. మా అమ్మాయి నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం "పాపా సో రహే హై", అదీ గుసగుసగా. నాన్న నిద్రపోతున్నారని చెప్పడానికి అంత చిన్న పిల్ల గొంతు తగ్గించిందని చుట్టాలందరికీ మురిపెంగా చెప్పుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు మురిపెం కలగదు. తర్వాత రిసాలి క్వార్టరుకి, అక్కణ్ణించి ఈ సొంతింటికి మారాం. మారినప్పుడల్లా సామానుతో పాటు నల్లకాగితం చుట్ట కూడా వచ్చింది. రిటైరయ్యాక షిఫ్టులు పోయాయి, కాగితం ఉండిపోయింది.

"ఇన్నేళ్లూ మీ నిద్దరకి కాపలా కాసేను," అన్నాను. "అంత దూరం వచ్చి మళ్లీ చీకటి గదిలో కూర్చోలేను. కిటికీ లేకపోతే నేను రాను. మీరే వెళ్లి రండి."

ఆయనకి కోపం రాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఫ్రిజ్ మీది గళ్ల వంక కాసేపు చూశారు.

"అయితే ట్రయల్ రన్ చేద్దాం," అన్నారు. "రేపు కాగితం తీసీస్తాను. మూడ్రోజులు మజ్జాన్నం వెలుతుర్లోనే పడుకుంటాను. నిద్దర పట్టిందా, బాల్కనీ గది. పట్టలేదా, లోపలి గది. అప్పుడు నువ్వు ఇంకేటీ అనకూడదు."

ఒప్పుకున్నాను.

బుధవారం ఉదయం స్టూలెక్కి, చాకుతో గీకి గీకి కాగితం తీశారు. పడమటి కిటికీ అది. మధ్యాహ్నానికి ఎండ మంచం మీదికి వచ్చింది. ఆ గదికి లేత పసుపు రంగు నేనే ఏరి వేయించాను కానీ పగటి వెలుగులో ఆ గోడని చూడటం అదే మొదలు. బాగుంది. ఆయన కళ్ల మీద తువ్వాలు వేసుకుని పడుకున్నారు. అరగంటసేపు మంచం కిర్రుమంటూనే ఉంది. ఎర్రటి కళ్లతో లేచి వచ్చి టీ అడిగారు. గురువారం అంతకంటే అన్యాయం. తప్పు కిటికీ మీద వాలే పావురాలదన్నారు.

ఆ గురువారమే నేను చేస్తున్న పని నాకు తెలిసొచ్చింది. టీవీ పెట్టలేదు. తలుపులు ఒత్తి పట్టుకుని మూస్తున్నాను. పిల్లిలా నడుస్తున్నాను. ఆయనకి నిద్ర పడితేనే నాకు కిటికీ, కాబట్టి మళ్లీ కాపలా నాదే. నేనొప్పుకున్న షరతు నా మెడకే చుట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం గదిలోంచి చప్పుడు లేదు. తొంగి చూశాను. కళ్ల మీద తువ్వాలు, గుండెల మీద రెండు చేతులు, ఊపిరి తీరుగా పైకీ కిందికీ. మంచం కిర్రుమనడం లేదు. పావుగంటాగి మళ్లీ చూశాను, అలాగే ఉన్నారు. కిటికీ నాదే అనుకున్నాను. సంతోషంగా వంటింట్లోకి వెళ్లి, సాయంత్రం గుగ్గిళ్ల కోసం నానబెట్టిన శనగలు కుక్కర్లో పెట్టాను. కాసేపటికి కుక్కరు బుసకొట్టింది. విజిల్ లేవబోయే ముందు నా చెయ్యి దానంతటదే వెళ్లి స్టవ్ ఆపేసింది.

"విజిలెందుకు ఆపీసినావు?" అని గదిలోంచి గొంతు. అందులో నిద్ర జాడ లేదు.

గుమ్మం దగ్గరికి వెళ్లాను. తువ్వాలు కళ్ల మీదే ఉంది.

"పడుకున్నారనుకున్నాను," అన్నాను.

"లేదు. నాకు వెలుతుర్లో నిద్దర పట్టదే."

"మరి కదలకుండా..."

"అది అలవాటే. నైట్ షిఫ్టులప్పుడూ సగం రోజులు మెలకువగానే ఉండీవోణ్ణి. కుక్కరు బుస్సుమని ఆగిపోడం రోజూ ఇనీవోణ్ణి. నువ్వు అంత జాగ్రత్తగా ఉంటే, పట్టలేదని లేచి రాడానికి మొగమాటంగా ఉండీది."

నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్లూ ఆ తలుపుకి అటు ఆయన, ఇటు నేను, ఇద్దరం చప్పుడు చెయ్యకుండా మెలకువగానే ఉన్నామన్నమాట.

ఆయన లేచి కూర్చున్నారు. దిండు పక్కనున్న ఫోను తీసి ట్రావెల్ ఆఫీసుకి చేశారు. "హా దీదీ, బాల్కనీవాలా కర్ దీజియే," అని బాల్కనీ గదే చెప్పేశారు. ట్రయల్ రన్ సంగతి ఆవిడకి ముందే చెప్పినట్టున్నారు, నిద్ర పట్టిందా అని అవతల ఆవిడ అడిగినట్టుంది. ఎండ మొహం మీద పడుతుంటే కళ్లు చికిలించుకుని, "నీంద్? అరే, బహుత్ అచ్ఛీ ఆయీ," అని, హాయిగా పట్టిందని చెప్పారు.

నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ మళ్లీ వెలిగించాను. మూడు విజిళ్లూ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.