ఖైరున్ కుట్టిన రవిక

ఒక రవిక బరువెంతుంటుంది? చేతిలో పట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. నేను మాత్రం ఒక తెల్ల రవికను ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. కన్నతల్లికి చెప్పలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, ఆయన పోయి కూడా నాలుగేళ్ళయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలననిపిస్తోంది.

పోలీస్ యాక్షన్ అయిన పదేళ్ళకు కాబోలు, మా హుజూర్‌నగర్‌లో ఆడవాళ్ళకు కుట్లు నేర్పే సెంటర్ పెట్టారు. ఒక పెంకుటింటి ముందు గదిలో మూడు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, కింద చాపలు. పన్నెండు మందిమి చేరాం. హైదరాబాద్ నుంచి వచ్చిన టీచరమ్మ మొదటి నెలంతా మమ్మల్ని మిషన్ ముట్టనివ్వలేదు. పాత గుడ్డ ముక్కల మీద చేతి కుట్లే. దూరం కుట్టు, దగ్గర కుట్టు, అంచు మడిచి తుర్పాయి, ఆఖరున గుండీలకు కాజాలు. ఆ తర్వాత మిషన్ ఎక్కించినా దారం ఇవ్వలేదు. కాగితం మీద గీత గీసిచ్చి, ఉత్త సూదితో ఆ గీత వెంబడే తొక్కమనేది. నా కాగితం మీద చిల్లులు ఎలుక కొరికినట్టుండేవి. ఖైరున్ కాగితం మీద గీత ఎక్కడుంటే చిల్లు అక్కడే.

ఖైరున్ నా పక్కనే కూర్చునేది. నాకు పదిహేడు, ఆమెకు ఇరవై దాటి ఉంటాయి. మొగుడు పని వెతుక్కుంటూ బొంబాయి పోయి కబురు లేకుండా అయిపోయాడు. రెండేళ్ళ ఆడపిల్లతో అన్న ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో వదిన పెట్టే తిండి కన్నా అనే మాటలే ఎక్కువ. అయినా సెంటర్‌కు వచ్చిందంటే ముఖం కడిగినట్టు తేటగా ఉండేది. నాకు దారం ముడిపడితే తన పని ఆపి విప్పేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. పిలుపు అబద్ధం కాదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

ఆరు నెలలు గడిచాక టీచరమ్మ ఒక మాట చెప్పింది. మాలో ఒక్కరిని హైదరాబాద్‌కు ట్రైనింగ్‌కు పంపుతారు. తిరిగొస్తే కుట్ల టీచర్ నౌకరి. ఖైరున్‌కు ఆ నౌకరి అంటే తన ఇల్లు, తన పొయ్యి, బిడ్డకు ఒకరి ముఖం చూడకుండా ముద్ద. మరి నాకు? మాది మగ్గం ఇల్లు. మా అమ్మ, మా అవ్వ, ఇద్దరు అక్కలు పొద్దు పొడిచింది మొదలు రాట్నం మీద నూలు కండెలు చుట్టి చుట్టి మెడలు వంగిపోయిన వాళ్ళు. నాకు ఆ రాట్నం ముందు కూర్చోవాలని లేదు. అంతే. పస్తుల్లేవు, తరిమేసే వాళ్ళు లేరు. ఆమె కష్టంతో పోలిస్తే నాది కష్టమే కాదు. ఆ సంగతి అప్పుడు కూడా నాకు తెలుసు.

పరీక్ష ఏమిటంటే, పక్కన కూర్చునే మనిషికి కొలతలు తీసి రవిక కుట్టాలి. కుట్టినదాన్ని ఉతికి ఆరేశాకే, పరీక్ష చూడ్డానికి వచ్చే ఆఫీసరమ్మ ముందు తొడిగి చూపాలి. ఉతికినా ఒంటికి పట్టిందే పని అని టీచరమ్మ పట్టు. నాకు ఖైరున్ కుట్టాలి, ఖైరున్‌కు నేను కుట్టాలి. గుడ్డలు మా బాపు మగ్గం మీదివే. మగ్గం దిగిన గుడ్డ నిండా గంజి ఉంటుంది. దాన్ని పొద్దంతా నీళ్ళలో నానేసి, గంజి పోయేదాకా పిండి, ఆరేయాలి. అప్పుడు గుడ్డ ఎంత ముడుచుకోవాలో అంత ముడుచుకుంటుంది. ఆ తర్వాత కత్తెరకు లొంగేటట్టు పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేసి కోస్తాం. ఇదంతా మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఖైరున్ వాళ్ళకు బావి దూరం. తన గుడ్డ నా చేతిలో పెట్టింది. సాలోళ్ళ పిల్లవు, నీకంటె ఎవరికెరుక అంది.

రెండు గుడ్డలూ పట్టుకుని పెరట్లో నీళ్ళ గోలెం దగ్గర నిలబడ్డాను. నాది ముంచాను. ఆమెది ముంచలేదు.

మరిచిపోయానని నాకు నేనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఎవరో పిలిచారనీ, వానమబ్బు పట్టిందనీ. ఏ మబ్బూ లేదు. ఎర్రటి ఎండ. నా చెయ్యి ఆమె గుడ్డను నీళ్ళ దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చింది. తెచ్చింది చెయ్యేనా, నేనా? ఎంత తెలివిగా తప్పించుకోవాలని చూస్తానో చూడండి, ఇప్పుడు కూడా. నేనే. దాని మీద కాసిన్ని నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఇచ్చాను. పలుచని గంజి పెట్టిన గుడ్డకూ దానికీ తేడా మగ్గం వాళ్ళ వేళ్ళకు తప్ప తెలియదు. ఖైరున్ దాన్ని రెండు చేతులతో అందుకుంది.

ఆమె ఆ రవిక ఎట్లా కుట్టిందో నేను పక్కనుండి చూశాను. నా భుజం మీద టేపు పెట్టి రెండేసి సార్లు కొలిచింది. అయిదు కాజాలు, అయిదూ ఒక్క తీరు. వారం రోజులు చూశాను. ఏ రోజైనా నోరు విప్పి ఉండొచ్చు కదా? నా మిషన్ నేను తొక్కుకుంటూ పోయాను.

పరీక్ష నాడు నేను కుట్టిన రవిక ఆమె ఒంటికి సరిపోయింది. అక్కడక్కడ కుట్టు వంకర, అయినా సరిపోయింది. ఆమె కుట్టింది నాకు ఎక్కలేదు. చేతులు బలవంతంగా దూర్చాను. ముందు గుండీకీ కాజాకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. అందరి ముందూ గుంజి చూపించాను. అవసరం లేకపోయినా ఇంకోసారి గుంజాను.

టీచరమ్మ ఖైరున్‌ను అడిగింది. "గుడ్డ తడిపే కోసినవా?"

ఖైరున్ నా వైపు చూసింది. అనుమానంతో కాదు, సాక్ష్యం చెప్తానని. "తడిపినవ్ గదా చెల్లె?"

"తడిపిన. రెండు గుడ్డలు ఒక్క గోలెంలనే తడిపిన," అన్నాను.

"గట్లయితే నా కొలతనే తప్పింది," అంది ఖైరున్. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నా చేతిల బర్కత్ లేదు, అచ్చిరాని చెయ్యి."

నన్ను హైదరాబాద్ పంపారు. ఆమె మళ్ళీ సెంటర్‌కు రాలేదు. ఆ రవిక, నీ కోసమే కుట్టిన గదా అని, నాకే ఇచ్చి పోయింది. పారేయలేకపోయాను. తొడుక్కోలేకపోయాను.

నేను టీచర్‌నయ్యాను. తిరిగి తిరిగి పదేళ్ళకు మా ఊరి ఆడపిల్లల బడికే వచ్చాను. ఏ తరగతికైనా నా మొదటి పాఠం ఒకటే, గుడ్డ తడిపి కోయాలి. అది చెప్పిన ప్రతిసారీ ఎవరో రెండు చేతులు చాపి నా ఎదుట నిలబడ్డట్టే ఉండేది. కొత్త గుడ్డ నీళ్ళలో మునిగేటప్పుడు బుడబుడమంటుంది. ఆ చప్పుడు వినలేక పిల్లలతోనే తడిపించేదాన్ని.

ఒకనాడు ఏడో తరగతి పిల్ల ఒకతి చేసిన తుర్పాయి చూసి పక్కన పెట్టలేకపోయాను. పేరడిగితే రజియా అంది. తల్లి పేరు అడగలేదు. అక్కర్లేదు. అదే కుట్టు, అదే ఎడం. ఆ పిల్లే చెప్పింది, వాళ్ళమ్మ సేఠ్‌ల ఇళ్ళకు పల్లికాయ ఒలవడానికి పోతుందట. ఇంట్లో గుండీ ఊడితే పక్కింటి వాళ్ళతో కుట్టిస్తుందట గానీ తను సూది ముట్టదట.

తర్వాత వారం ఖైరునే బడికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఒకప్పుడు చెల్లె అన్న మనిషి నన్ను టీచరమ్మా అంది. వేళ్ళ కొనలు పగిలి నల్లబడ్డాయి.

"జర నిజం చెప్పు టీచరమ్మా," అంది. "బిడ్డ చెయ్యి నా అసొంటిదేనా? నా అసొంటిదైతే గిప్పుడే మాన్పిస్త. నా లెక్క ఆశపడి ఆగం గావద్దు."

ఇదే సందు. నీ చేతిలో ఏ తప్పూ లేదక్కా, గుడ్డ నేను తడపలేదు, అంటే అయిపోయేది. కానీ బయట వరండాలో పిల్లలున్నారు, పక్క గదిలో హెడ్‌మాస్టరమ్మ ఉంది, నా నౌకరి ఉంది.

"లేదక్కా. నీ అసొంటిది కాదు. మంచి చెయ్యి," అన్నాను.

ఖైరున్ ముఖం విప్పారింది. నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "అల్లా నిన్ను సల్లగ సూడాలె," అని వెళ్ళిపోయింది. గేటు దాటేదాకా చూశాను. నడకలో హుషారు కనబడింది. తన చెయ్యి చెడ్డదని నా నోటితో రూఢి చేసుకుని సంతోషంగా పోతోంది.

మొదటిది పదిహేడేళ్ళ పిల్ల చేసిన పని అని మీరు క్షమించవచ్చేమో. రెండోది? అప్పటికి నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి. ఇది క్షమించమని అడగడం లేదు.

రజియా చెయ్యి అచ్చం తల్లి చెయ్యే. అంత మంచి చెయ్యి నా సర్వీసు మొత్తంలో ఇంకెవరికీ చూడలేదు. ఆ మాట వినాల్సిన మనిషి ఆ సంగతి తెలియకుండానే చనిపోయింది, మొన్న ఎండాకాలంలో. ఇప్పుడు మీకు చెప్పాను. చెప్పాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.