మిరపకాయల మండీలో న్యూస్ రీడర్

ఆ రోజుల్లో వార్తలు వాటంతటవి మన దగ్గరికి వచ్చేవి కావు, మనమే పోయి బతిమాలుకోవాలి. తొంభైల చివరికి మద్రాసు పేరు చెన్నై అయింది కానీ, జార్జ్‌టౌన్‌లో మా పెదనాయన మిరపకాయల మండీలో మాత్రం ఏదీ మారలేదు, నేను బేరమాడి తెచ్చిన పాత కంప్యూటరు తప్ప (మౌసు లేదని ధర తగ్గించుకున్నాను, మౌసు ఎందుకో అప్పటికి తెలియదు). పెదనాయన షరతు ఒక్కటే. "గుంటూరు దలాలి ఫోన్ చేసే లోపల నీ పెట్టెలో మిర్చి మార్కెట్టు సంగతి చూపించు. చూపిస్తే కంప్యూటరు కోర్సుకు పో. లేదంటే రేపట్నించి గల్లాపెట్టె ముందర కూర్చో." సరే అని, మండీకున్న ఒకే ఒక్క ఫోన్ తీగ పీకి, కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలిపే మోడెంకు తగిలించాను. ఇక ధర చెప్పి సరుకు పంపే ఆ దలాలి ఫోన్ ఏ దారిన వస్తుందన్నది మా ఇద్దరికీ తట్టలేదు.

నల్లటి తెర, తెల్ల అక్షరాలు. నొక్కడానికి బొమ్మల్లేవు, ఏం కావాలన్నా టైపు చేసి అడగాలి. ఇంటర్నెట్‌లో వార్తలు తెచ్చి చూపించే న్యూస్ రీడర్ ప్రోగ్రాం పేరు కొట్టగానే అదే నన్ను అడిగింది: లోకంలో జనం గుంపులు కట్టి వార్తలు రాసుకుంటున్నారు, ఒక్కో గుంపూ ఎంచుకుంటావా, అన్నీ తీసుకుంటావా? అంగట్లో పెరిగినవాణ్ణి. చిల్లరగా ఏరితే పుచ్చు తగులుతుంది, లాటుగా ఎత్తితేనే గిట్టుబాటు. పైగా ధర చెప్పలేదు. అన్నీ అన్నాను.

ఇక చూడండి. చేపల పెంపకం, చదరంగం, గ్రహాంతరవాసులు, పిల్లుల జబ్బులు. ఒక్కో గుంపు దగ్గరా ఆగి, చదువుతావా అంటుంది. వద్దంటే ఇంకోటి. వేళ్ళు తిమ్మిరెక్కాయి, కళ్ళు నీళ్ళు కారాయి (మిరపకాయల ఘాటుకని అందరితో చెప్పాను).

"ఏంరా, మిర్చి వచ్చిందా?"

"వస్తాంది పెదనాయనా. ముందర పిల్లులుండాయి."

"మండీలో పిల్లులేందిరా!"

చివరికి తోటపని గుంపులో మిరప అన్న మాట కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. ఎవరో చలిదేశపాయన కుండీలో మిరపమొక్క పెట్టాడట, ఆకులు రాలిపోతున్నాయట, ఏం చేయాలని అడుగుతున్నాడు. మార్కెట్టు గురించి ఒక్క ముక్క లేదు. నీరసంగా తెలుగులో చదివి వినిపించాను.

పెదనాయన లెక్కల పుస్తకం పక్కన పెట్టాడు. "నీళ్ళు జాస్తిగా పోస్తుండాడు. కుండీకి కింద బొక్క ఉందా అడుగు."

"అడిగేది తెలీదు పెదనాయనా. చదివేది ఒక్కటే దా వచ్చు."

"అన్నీ తీసుకుంటివే, అది తీసుకోలేదా?"

అంతలో లైను తెగింది. తీగ మళ్ళీ ఫోన్‌కు తగిలించానో లేదో గంట మోగింది. గుంటూరు దలాలి అరుపు మండీ అంతా వినిపించింది. "పొద్దుట్నుంచి కలవట్లేదేంటండీ శెట్టిగారూ! చూసి చూసి సరుకు పక్క మండీకి ఇచ్చేశానండీ."

పెదనాయన గల్లాపెట్టె ముందున్న పీటను పైపంచెతో తుడిచి, "రా, కూర్చో" అన్నాడు, అంతే.

కూర్చున్నాను. ఇంకా లేవలేదు. లోకమంతా ఒక్క దెబ్బకు కావాలన్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా. ఇప్పుడు నన్నెవరైనా ఏం కావాలని అడిగితే, ముందు ధర చెప్పమంటాను.