హమూర్ కోసం మెత్తటి ఎర

దోహాలో ఎటు చూసినా పునాదులు తవ్వుతున్న రోజులవి. చమురు డబ్బు వచ్చిపడుతోంది, మాలాంటివాళ్లం విమానాల నిండా దిగుతున్నాం. నేను సైటులో సిమెంటు కలిపేవాణ్ని. ఆ చలికాలం మా పక్క ఊరివాడు లీవు నుంచి తిరిగొచ్చి, భుజం మీది సంచి కూడా దించకుండా క్యాంపు గుమ్మంలోనే చెప్పాడు.

"నీ బిడ్డ పోయిందన్నా. జరమొచ్చింది."

ఆ పాపను నేను చూడలేదు. నేను ఇక్కడికి వచ్చాక పుట్టింది. ఇంటినుంచి వచ్చిన కేసెట్‌లో దాని ఏడుపు విన్నానంతే. "అట్లనా" అని, వెళ్లి బట్టలు ఉతుక్కున్నాను. నన్ను చూసి గదిలోవాళ్లు రేడియో కట్టేశారు. పెట్టుకోండి, ఏం కాదన్నాను. నిజంగానే ఏమీ అనిపించలేదు.

శుక్రవారం నా పక్క మంచం డ్రైవరు, హైదరాబాద్ సాయిబు, నన్ను లేపాడు. "యల్లా తమ్మీ, చెప్పులేస్కో." ఎక్కడికని అడగలేదు.

అల్ దోహా అల్ జదీదా పేటలో గాలాలమ్మే కొట్టుకు తీసుకెళ్లాడు. బల్ల మీద ఎరకు వాడే ఉత్తుత్తి చేపలు పరిచి ఉన్నాయి: మెరిసే రేకువి, రంగు వేసిన చెక్కవి, రబ్బరువి.

"ఏది తీస్కుందాం?" అన్నాడు.

దగ్గరున్న రేకు చేపను చూపించాను. తల అడ్డంగా ఊపాడు.

"అది ఉరికే చేపకు. మనకు హమూర్ గావాలె. సలికాలంల అది సుస్తుగుంటది, రాయి ఇడిచి రాదు. ఎరనే దాని నోటికాడికి పోవాలె, మెల్లగ."

రబ్బరు చేపల్లో ఒకదాన్ని నా అరచేతిలో పెట్టాడు. మెత్తగా, చల్లగా ఉంది. ఈ కాలంలో నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి తెల్లదే మేలన్నాడు. సరేనన్నాను. ఏ రంగయినా సరేననేవాణ్నే.

ఓడరేవు అవతల రాళ్ల కట్ట మీద కూర్చున్నాం. ఎర అడుగుకు దిగేదాకా ఆగి, కాస్త లాగి, మళ్లీ ఆగమన్నాడు. చాలాసేపు అలాగే చేశాను.

"బిడ్డకు ఏం పేరు వెట్టిన్రు?" అన్నాడు, నీళ్లవైపే చూస్తూ.

"నేనొచ్చినంక పెడ్దామన్నరు, భాయ్."

గాలం దారం బిగిసినా నాకు తెలియలేదు. "లాగు, లాగు!" అని ఆయనే అరిచాడు. గోధుమరంగు మచ్చల హమూర్ వచ్చింది. గాలం విప్పుతుంటే దాని చెంపముల్లు నా బొటనవేలి కింద దిగింది. రక్తం కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయనే రుమాలు చించి కట్టాడు.

క్యాంపులో చింతపండు పులుసు పెట్టాడు. అందరూ తిన్నారు, నేనూ తిన్నాను. రుచి గుర్తులేదు.

మర్నాడు డ్యూటీలో గుడ్డ జారి, తడి సిమెంటు ఆ గాయంలోకి పోయింది. చెయ్యి భగ్గుమంది. పార అక్కడే వదిలేసి, ఇసుక కుప్ప పక్కన కూలబడి ఏడ్చాను. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "క్యా హువా?"

చెయ్యి చూపించాను. నీళ్లతో కడిగించి, ఆ పూటకు నన్ను నీడలో కూర్చోమన్నాడు.